బోరులో పడిన రాడ్డు

మా పరిశోధన కేంద్రంలో వేరుశనగ విత్తనాల గోడౌను వెనక ఒక చిన్న గది ఉండేది. దానికి రెండు తాళాలు. లోపల ఒకే ఒక పసుపుపచ్చ పెట్టె, పెట్టె మీద మూడు రెక్కల నల్ల గుర్తు. నాకంటే ముందు ఆ పెట్టెకు బాధ్యుడిగా ఉన్న ఆఫీసరు రిటైరైన రోజు, మెడలో దండ ఇంకా తీయకముందే నా చేత సంతకం పెట్టించుకుని, "ఇంగ నీ బిడ్డ, నువ్వే సాకు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వెందుకో అప్పుడే తెలిసుంటే ఆ దండ పట్టుకుని వెనక్కి లాగేదాన్ని.

ఆ పెట్టెలో ఉన్నది నేలలో తడి కొలిచే యంత్రం. మొక్కజొన్న కంకి పొడవున ఒక స్టీలు రాడ్డు, దాని కొసన చింతగింజంత గొట్టంలో మూసిన రేడియోధార్మిక పదార్థం. చేలో ముందే దించి ఉంచిన అల్యూమినియం పైపులోకి ఆ రాడ్డును కేబులుతో వదిలితే పైన పెట్టె మీద అంకె కనిపిస్తుంది. తడి ఎక్కువుంటే అంకె ఎక్కువ. ఒకప్పుడు వేరుశనగ పంటకు ఎన్ని రోజులకు నీళ్ళు పెట్టాలో దీంతోనే లెక్క కట్టేవాళ్ళట. తర్వాత కొత్త రకం సెన్సర్లు వచ్చాయి, పెట్టె మూల పడింది. మూల పడినా సామాన్యమైన మూల కాదు. వాడని వస్తువును పాత ఇనుములో అమ్మకూడదు, పారేయకూడదు, పాతిపెట్టకూడదు. ముంబై నుంచి అణుశక్తి శాఖ వాళ్ళ ప్రత్యేకమైన బండి వచ్చి తీసుకుపోయి, అక్కడ భద్రం చేసి, చివరికి భూమి లోపల కాంక్రీటులో మూసేదాకా అది ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్తూనే ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేను.

మూడు నెలలకొకసారి ఫారం నింపేదాన్ని. నంబరు, గది, తాళాలు ఎవరి దగ్గరున్నాయి, రేడియేషన్ మీటరు ముల్లు ఎంత చూపించింది, ఇవన్నీ రాశాక చివర్లో "స్వయంగా చూశాను" అన్న చోట సంతకం. దాచుకోవడమెందుకు, ఒప్పుకుంటాను. ఆ ఏడాది మార్చి ఫారంలో నేను చూసింది తాళాన్ని. బయట విత్తనాల కోసం రైతులు తోసుకుంటున్నారు, నాకు మోకాలు నొప్పి, తాళం వేసే ఉంది. పెట్టె ఎక్కడికి పోతుందిలే అనుకుని సంతకం గీకేశాను.

ఏప్రిల్లో ముంబై నుంచి ఉత్తరం వచ్చింది. పది రోజుల్లో బండి వస్తుంది, పెట్టె చుట్టూ రేడియేషన్ కొలతలు తీసి పంపండి అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. పీడ వదిలిందని ఇంట్లో పాయసం కూడా చేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే మీటరు పట్టుకుని గది తెరిచాను. పెట్టె దగ్గరకు పోతే ముల్లు కాస్త లేవాలి. లేవలేదు. బ్యాటరీలు మార్చాను, లేవలేదు. మీటరును పెట్టెకు ఆనించి పెట్టాను. గది బయట ఎంత చూపిందో లోపలా అంతే. మామూలుగా ఆ ముల్లు లేస్తే భయపడాలని మాకు శిక్షణలో చెప్పారు. లేవకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పెట్టె మూత తీశాను. రాడ్డు లేదు. కేబులు మాత్రం చుట్టచుట్టి ఉంది, దాని కొసకు నల్ల ఇన్సులేషన్ టేపు వేలాడుతోంది.

నాది కాక ఆ తాళాలకు రెండో జత చెవులు ఉన్నది ఒక్కరి దగ్గరే. మా కేంద్రంలో ఇరవై ఏళ్ళుగా దినకూలీగా పనిచేస్తున్న ఫీల్డు సహాయకుడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్దవాడు, ఏ మడిలో ఏ రకం వేశారో రిజిస్టరు చూడకుండా చెప్పేవాడు. టీ ఫ్లాస్కు పట్టుకుని వస్తూ తెరిచిన పెట్టెను చూసి అక్కడే ఆగిపోయాడు. ఫ్లాస్కు కింద పెట్టి కూలబడ్డాడు.

"ఏమప్పా, రాడ్డు యాడుంది?"

"మేడం, నన్ను కొట్టు. ముందు కొట్టు, తర్వాత చెప్తా."

"కొట్టేది తర్వాత చూసుకుందాం. రాడ్డు యాడుందప్పా?"

"మా బావ బోర్లో ఉండాది."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అతని చెల్లెల్ని ఇచ్చింది కుందుర్పి దగ్గర పల్లెలో. బావకు రెండెకరాల చీనీ, అంటే బత్తాయి తోట, ఆరేళ్ళ చెట్లు, కాపుకొచ్చే వేళకు బోరు ఎండింది. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి నీళ్ళు చూసే ఆయన వచ్చి చూశాడు, వేపపుల్ల పట్టుకుని నడిచే ఆయన వచ్చి నడిచాడు, వాళ్ళు చూపిన చోట వేస్తే దుమ్మే లేచింది. అప్పుడు ఇతనికి నేను గుర్తొచ్చాను. రైతు దినోత్సవం నాడు ఈ పెట్టె మీద చెయ్యేసి, మైకులో గొప్పగా, "ఇది నేల కడుపులో తడి ఎంతుందో లెక్కగా చెప్తుంది" అన్నది నేనే. అది మూరెడు బారెడు లోతులో మొక్క వేళ్ళ దగ్గరి తడి సంగతి. కానీ మైకు ముందు ఆ ముక్క నేను చెప్పలేదు.

"ఆదివారం పెట్టె బండి మీద కట్టుకోని పోయినా మేడం. పాత బోర్లో యాడన్నా తడి తగిలితే, ఆ లోతు కాడ పక్కకు కొట్టిచ్చుకుంటాడు కదా అని. మన కేబులు సాలలేదు. మా బావ కాడ మోటారు కేబులు ముక్కలుంటే జాయింటు ఏసినా."

మా జిల్లాలో మోటారు కేబులుకు జాయింటు వేయడం రాని మగవాడు లేడు. పెళ్ళాం పేరైనా మరిచిపోతాడు గానీ ఇన్సులేషన్ టేపు జేబులో లేకుండా ఇల్లు దాటడు. ఇతను నాలుగు జాయింట్లు వేశాడు. నూట ఎనభై అడుగుల కాడ అంకె ఒక్కసారిగా పైకి లేచిందట. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారట. ఆ సంతోషంలో ఇంకా వదిలితే మూడో జాయింటు జారింది.

"ఎన్ని దినాలాయ?"

"పన్నెండు. మోటార్లు లాగేటోళ్ళను పిలిపిచ్చి, నీకు తెలీకుండా లాగి పెడ్దామనుకున్న్యా."

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు నేను అప్పుడు మొరిగాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, అవి ఇక్కడ రాయలేను. తిట్లన్నీ అయ్యాక, సరే, ఎవరూ ఆ బోరు జోలికి పోకుండా చెయ్యి, నేను ముంబైకి చెప్తాను అన్నాను. అతను తల ఎత్తలేదు.

"ఈ పొద్దే రిగ్గు వచ్చాది మేడం. అంకె లేసింది కదా, ఆ బోరునే ఇంగా లోతుకు కొట్టిస్తానంటాండాడు మా బావ."

"రాడ్డు ఉంది కదప్పా అందులో!"

"అదీ చెప్పినా. ఇనుప ముక్కే కదరా, రిగ్గు బిట్టు కింద పిండైతాదిలే అన్న్యాడు."

పిండి అవుతుంది. స్టీలు పిండి అవుతుంది, లోపలి గొట్టం పిండి అవుతుంది. కంప్రెసరు గాలి ఆ పిండినంతా బోరులోంచి పైకి ఊదుతుంది. తెల్లటి దుమ్ము చీనీ ఆకుల మీద, గొర్రెల మీద, చుట్టూ నిలబడి చూసే జనం నోట్లో ముక్కులో పడుతుంది. మూసి ఉన్నంతసేపు ఆ పదార్థం అంత లోతులో ఎవరినీ ఏమీ చేయదు. పొడై ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం మళ్ళీ బయటికి తీసే మార్గం లేదు. నాకప్పుడు ఉద్యోగం గుర్తు రాలేదు. రిగ్గు చుట్టూ మూగే జనమే కళ్ళకు కట్టారు. బోరు వేస్తుంటే ఊరంతా వస్తుంది. నీళ్ళు పడితే చూడాలని పసిబిడ్డలను చంకనేసుకుని మరీ వస్తారు.

అతని మోటారు సైకిలు మీద ఎక్కాను. కళ్యాణదుర్గం దాటేదాకా ముంబై నంబరుకు ఫోను చేస్తూనే ఉన్నాను. దారిలో ఎదురుగా ఏ రిగ్గు కనిపించినా మనదేనా, అయిపోయిందా అని అడిగేదాన్ని. అతను ప్రతిసారీ "కాదు మేడం" అనేవాడు. నేను అతని వీపు మీద ఒక గుద్దు గుద్దేదాన్ని, ఎందుకో నాకే తెలీదు.

తోట దగ్గరకు చేరేసరికి రిగ్గు లారీ బోరు మీదకు వెనక్కి వస్తోంది. తమిళనాడు రిగ్గు. బోరు కొట్టే రాడ్లు తెచ్చిన లారీ పక్కనే నిలిచి ఉంది. జనం చేరిపోయారు. ఆ ఇంటి ఆవిడ, అంటే మా సహాయకుడి చెల్లెలు, బోరుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టడానికి కూర్చుంది. బావ తలపాగా చుట్టుకుని డ్రైవరుకు చేతులు ఊపుతున్నాడు.

"ఆపండి!" అని అరిచాను. ఇంజను మోతలో ఎవరికి వినపడుతుంది? బావ దగ్గరకు పోయి చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన నన్ను, వెనక తల దించుకున్న బామ్మర్దిని చూసి, సంగతి తెలిసినట్టే ముఖం గట్టిగా పెట్టుకున్నాడు.

"ఏం మేడం, నీ రాడ్డు దుడ్లు ఎంతైతాదో చెప్పు, పంట రాంగనే కడ్తా. నా బోరు కాడ నీకేం పని?"

"ఇది దుడ్ల సంగతి కాదు. అది పగిలితే విషం పైకొస్తాది. నీ పెండ్లాం బిడ్డలు ఈడనే ఉండారు."

"పన్నెండు దినాలుగా ఉండాది కదా, ఎవరు సచ్చిరి? నెల దినాలు ఎదురుచూసినా ఈ రిగ్గుకు. ఇప్పుడు పోయిందంటే మళ్ళా యాడ దొరకాల? నా చెట్లు నెల దినాలు ఉంటాయా?"

అతనిది తప్పని నేను అనలేను. చెట్ల వైపు చూస్తే తెలుస్తోంది. ఆకులు ముడుచుకుని, పిందెలు గోలీల సైజులోనే పసుపు తిరిగి ఉన్నాయి. కానీ ఈలోపు డ్రైవరు దిగి బిట్టు బిగిస్తున్నాడు. నాకు ఇంకేం తోచలేదు. బోరు కేసింగు పైపు నేలకు మూరెడు ఎత్తున ఉంది. టెంకాయ పక్కకు జరిపి, పోయి దాని మీద కూర్చున్నాను. నా శరీరం సన్నదేమీ కాదు, పైపు మూతి పూర్తిగా మూతపడింది. జనంలో ఎవరో "బోరుకు మంచి మూతే దొరికింది" అన్నారు, అందరూ నవ్వారు. నేను లేవలేదు.

పదకొండు గంటలకు కూర్చున్నదాన్ని నాలుగు దాకా కూర్చున్నాను. కింద నూట ఎనభై అడుగుల రాయి ఉంది, నాకేం కాదని తెలుసు. డ్రైవరు వచ్చి బతిమాలాడు, "మేడం, ఇంకో ఊరు పోవాలి, లేవండి." బావ బెదిరించాడు. ఒక పెద్దాయన ఆడమనిషిని పట్టుకుని లాగితే కేసైతాదప్పా అని ఆపాడు. ఎండకు తల తిరుగుతుంటే ఆ ఇంటి ఆవిడ ఒక చెంబు మజ్జిగ, ఒక టవలు తెచ్చి, "కడుపు మండుతాంది నిన్ను చూస్తే. అయినా ఎండలో సస్తావ్, తల మీద ఏసుకో" అని పడేసి పోయింది. ఆ మజ్జిగ రుచి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ముంబై అధికారి రెండు గంటలకు దొరికాడు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఎవర్నీ తాకనివ్వొద్దు, మీరు సరిగ్గా చేశారు అన్నాడు. సరిగ్గా చేసినదాన్నైతే ఇక్కడ పైపు మీదెందుకు కూర్చుంటాను అని నాలో నేను అనుకున్నాను. ఆ తర్వాత తాసిల్దారు ఆఫీసు నుంచి మనిషి, పోలీసులు వచ్చారు. రిగ్గు వెళ్ళిపోయింది. బావ దాని వెనక తారు రోడ్డు దాకా నడుచుకుంటూ పోయి, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు.

మూడో రోజు ముంబై బృందం వచ్చింది. తెల్ల దుస్తులు, మీటర్లు, సన్నటి కెమెరా. ముందుగా బోరు గాలిని, చుట్టూ మట్టిని, చెట్ల ఆకుల్ని, మా సహాయకుడి చేతుల్ని, ఆ ఇంటి వాళ్ళనందరినీ పరీక్షించారు. ఎక్కడా ఏమీ లేదు. నేను అక్కడే నేల మీద కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కాను. రాడ్డు పగల్లేదు. ఇక అది చెక్కుచెదరకుండా పైకి వస్తే చాలు. బోరు నీకే దక్కుతుంది, ఇంకో రిగ్గు కోసం నేనే ఊరూరా తిరుగుతాను అని బావతో చెప్పాను. అతను మొదటిసారి నా వైపు తిరిగి, "అంతే కదా మేడం, వచ్చాదిలే" అన్నాడు.

కెమెరా లోపలికి దించారు. అందరం చిన్న తెర చుట్టూ మూగాం. తెల్లటి రాయి, మళ్ళీ తెల్లటి రాయి. నూట ఎనభై దగ్గర గోడ మీద ఒక నల్లటి మరక. "తడి! తడి ఉండాది!" అని బావ అరిచాడు. అది తడో, నీడో, కెమెరా వెళ్తూనే ఉంది గనక ఎవరం చెప్పలేకపోయాం. జాయింటు వదులైనా అంకె అట్లా లేవొచ్చని నాకు తెలుసు. నోరు తెరవలేదు. ఇంకో నలభై అడుగుల కింద, రాయి పగులులో అడ్డంగా ఇరుక్కుని రాడ్డు కనిపించింది.

ఆ చుట్టుపక్కల బోర్లలో పడిన మోటార్లు లాగే పనిలో ఆరితేరిన ముసలాయన ఒకాయన ఉంటే బృందం ఆయన్నీ పిలిపించుకుంది. మూడు కాళ్ళ స్టాండు, చైను పుల్లీ, గాలం. ఆయన చైను మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. లోపల గాలం ఎక్కడ తగిలిందో వేళ్ళతోనే చెప్తాడు. మొదటి రోజు మూడుసార్లు తగిలింది, మూడుసార్లూ జారింది. రెండో రోజు మధ్యాహ్నం పట్టుకుంది. అడుగు పైకి వచ్చింది. రెండడుగులు. బావ ఊపిరి నా చెవి పక్కనే వినపడుతోంది. అప్పుడు ముసలాయన వేళ్ళు తీసేసి, "రాయి జారిందప్పా" అన్నాడు. కెమెరా దించితే రాడ్డు కనపడలేదు. పైన బండలు పడి కప్పేశాయి.

సాయంత్రం దాకా ఫోన్లు నడిచాయి. చివరికి బృందం పెద్ద నన్నూ బావనూ కూర్చోబెట్టి చెప్పాడు. ఇంకా లాగితే గొట్టం పగిలే ప్రమాదం ఉంది. బోరును అడుగు నుంచి పైదాకా సిమెంటుతో పూడ్చేస్తాం. పైన స్టీలు పలక బిగిస్తాం. చుట్టూ గీసిన హద్దులో ఇక ఎవరూ బోరు వేయకూడదు, తవ్వకూడదు. హద్దు ఎంత వరకో మ్యాపు మీద చూపించాడు. రెండెకరాల తోటలో మూల ఒక్క తునక మాత్రం బయట మిగిలింది. అక్కడ అంతకుముందే ఒక బోరు వేసి దుమ్ము చూసి ఉన్నారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అన్నది ముసలాయనే.

నా రిపోర్టులో అన్నీ రాశాను. మార్చిలో పెట్టె తెరవకుండా సంతకం చేసింది కూడా రాశాను. నాకు ఇంక్రిమెంటు ఆపారు, పనిలోంచి తీసేసింది మాత్రం మా సహాయకుణ్ణి. దినకూలీని తీసేయడానికి ఒక కాగితం కూడా అక్కర్లేదు. అతనింటికి పోయి చెప్పినప్పుడు, "తీస్తార్లే మేడం, అది తెలిసిందే. చెట్ల సంగతి చెప్పు" అన్నాడు.

సిమెంటు ఆరాక, ఆ హద్దులో ఇక బోరు వేయనన్న హామీపత్రం మీద బావ సంతకం తీసుకోవాల్సింది నేను. తోటలో మంచం వేసి కూర్చోమన్నాడు, నేను నిలబడే ఉన్నాను. కాగితం చదివించుకుని అడిగాడు.

"ఎన్నేండ్లు మేడం ఇది? పదేండ్లా?"

"కాదన్నా."

"చెప్పు పర్లేదు. నా కొడుకన్నా ఏసుకుంటాడు కదా బోరు."

"దాని శక్తి సగం తగ్గేదానికే నాలుగు వందల ముప్పై ఏండ్లు దాటల్ల."

"సగమా?"

"సగమే."

అతను నవ్వుతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. పక్కనున్న చెట్టు ఆకు ఒకటి తుంచి వేళ్ళ మధ్య నలిపాడు.

"వీటికి ఎనిమిది దినాలకొక తూరి నీళ్ళు కావల్లమ్మా" అన్నాడు. "ఎనిమిది దినాలు. అంతకు మించి అడగవు ఇవి."

సంతకం పెట్టిచ్చాడు. నాకు క్షమించమని అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

ఫారం ఇప్పటికీ ఉంది. మూడు నెలలకొకసారి పోయి పలకను చూసి నింపాలి, ఇప్పుడు నిజంగా స్వయంగా చూస్తున్నాను. మొదటి రెండుసార్లు టాంకరుతో నీళ్ళు పోస్తూ మా పాత సహాయకుడు కనిపించాడు, ఇప్పుడు టాంకరు తోలేది అతనే. కిందటి వారం పోయినప్పుడు తోట దగ్గర ఎవరూ లేరు. ఫారంలో కొత్తగా ఒక ప్రశ్న చేర్చారు, పలక రోడ్డు మీది నుంచి అడ్డం లేకుండా కనిపిస్తోందా అని. ఇంతకుముందు చెట్లు అడ్డం ఉండేవి. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. మొదళ్ళ దాకా కొట్టేసిన రెండెకరాల నడుమ స్టీలు పలక ఎండకు మెరుస్తూ బాగా కనిపిస్తోంది. "కనిపిస్తోంది" అని రాసి సంతకం పెట్టి, అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను.